బోర్డు వైపు తిరిగి నిలబడ్డ సారు

రిటైరయ్యాక నన్ను పలకరించడానికి వచ్చే కొత్త లెక్చరర్లు ఒక ప్రశ్న తప్పకుండా అడుగుతారు. "మేడం, మీ దగ్గర చదివినవాళ్లలో గొప్ప టీచర్ ఎవరు?" అని. గొప్పవాళ్ల సంగతి చెప్పడానికి చాలామంది ఉంటారు. నేను మాత్రం చాలా రోజుల వరకు ముఖం కూడా సరిగ్గా చూడని ఒక విద్యార్థి గురించి చెప్తాను. మీ క్లాసుల్లోనూ అలాంటివాళ్లు ఉండే ఉంటారు. మీ కంట పడి ఉండకపోవచ్చు. కంట పడకుండా ఉండడానికే వాళ్లు రోజంతా కష్టపడతారు మరి.

జనగామలో ఒక బి.ఎడ్. కాలేజీలో నా ఉద్యోగం. లెక్కలు ఎలా చెప్పాలో కాబోయే టీచర్లకు నేర్పడం నా పని. చదువు మధ్యలో వాళ్లను ఊళ్లలోని హైస్కూళ్లకు పంపిస్తాం. నిజం పిల్లల ముందు నిజం పాఠం చెప్పాలి. మేం వెనక బెంచీలో కూర్చుని చూస్తాం. చివర్లో యూనివర్సిటీ పంపిన పరీక్షాధికారి ముందు ఒక పాఠం చెప్పాలి. అది గట్టెక్కితేనే పట్టా.

నేను చెప్పేది కరోనా తర్వాత చేరిన బ్యాచ్ గురించి. వాళ్ల డిగ్రీ చాలావరకు ఫోన్‌లోనే గడిచిపోయింది. కాలేజీకి వచ్చారన్న మాటే గానీ, వచ్చినట్టు ఉండేది కాదు. ముగ్గురు పట్టే బెంచీలో ఇద్దరే కూర్చునేవారు, అదీ చెరో చివర. మధ్యాహ్నం టిఫిన్ మూత సగం తెరిచి, గోడ వైపు తిరిగి తినేవారు. ఒకరోజు మూడో బెంచీ అమ్మాయిని లేపి ప్రశ్న అడిగాను. లేచి నిలబడి నేల చూసింది. "సరే, కూసో బిడ్డా" అన్నాను. కాసేపటికి నా ఫోన్ మోగింది. చూస్తే ఆ అమ్మాయి మెసేజ్. నేనడిగిన ప్రశ్నకు జవాబు. సరైన జవాబే! నాలుగడుగుల దూరం నుంచి పంపింది. స్టాఫ్ రూంలో ఈ సంగతి చెప్పుకుని అందరం నవ్వాం. ఆ నవ్వు ఎక్కువ రోజులు నిలవలేదు.

మన కథలోని అబ్బాయిది కురవి దగ్గర ఒక తండా. పొడుగ్గా, సన్నగా ఉండేవాడు. చొక్కా గుండీ మెడదాకా పెట్టుకునేవాడు. ఊరంతా మాస్కులు పారేసినా అతని మాస్కు మాత్రం ముఖం మీదే ఉండేది. టీచింగ్ ప్రాక్టీసుకు అతన్ని దేవరుప్పుల మండలంలోని ఒక హైస్కూలుకు పంపాం. ఎనిమిదో తరగతి, లెక్కలు. నేను వెనక బెంచీలో కూర్చున్నాను.

లోపలికి వచ్చాడు. నేరుగా బోర్డు దగ్గరికి వెళ్లి చాక్‌పీసు తీశాడు. "గుడ్ మార్నింగ్" అని బోర్డుతోనే అన్నాడు. ఆ తర్వాత పీరియడ్ అయ్యేదాకా ఇటు తిరగలేదు. అచ్చు వేసినట్టున్న అక్షరాలు. ఒక్క మెట్టు వదలకుండా లెక్క చేసుకుంటూ పోయాడు. గొంతు మెల్లగా వినిపించేది, అదీ బోర్డుకు తగిలి. పిల్లలు గమ్మున రాసుకున్నారు. గంట కొట్టగానే పక్కకు జరిగి తలుపు గుండా వెళ్లిపోయాడు.

వరండాలో ఆపి, "పిల్లల దిక్కు తిరిగి చెప్పాలె బిడ్డా" అన్నాను.

"తిరుగుత మేడం" అన్నాడు, నా చెప్పుల వైపు చూసి.

మరునాడు కూడా వీపే. వారం తిరిగేసరికి హెడ్మిస్ట్రెస్ నన్ను పిలిచింది. మంచి మనిషి. నవ్వుతూనే చెప్పింది. "మీ పిల్లగాడు లెక్కలు మస్తు చెప్తుండు మేడం. గని మొఖం ఎట్లుంటదో మా పిల్లలకు తెల్వది. వీపు సారు అని పేరు వెట్టిన్రు."

కాలేజీలో దీని మీద చర్చ జరిగింది. మా ప్రిన్సిపాల్ సారు పాతకాలం మనిషి. "సిగ్గు మనకు లేకుండెనా? రెండు రోజులు గట్టిగ చెప్తే అదే పోతది" అన్నారు. సైకాలజీ చెప్పే సారు ఒప్పుకోలేదు. "ఒక్కడిది కాదు సార్, బ్యాచ్ మొత్తం గట్లనే ఉంది" అని, హైదరాబాద్ నుంచి ఒక వక్తను పిలిపిస్తే పిల్లల్లో ధైర్యం వస్తుందన్నాడు. మేమందరం సరేనన్నాం. అంతకంటే మంచి ఆలోచన మాలో ఎవరికీ తట్టలేదు.

వక్త కోటు వేసుకుని, చెవికి మైకు తగిలించుకుని వచ్చాడు. "భయం అనేది మీ బుర్రలో ఉన్న అబద్ధం!" అంటూ మొదలుపెట్టాడు. "స్టేజీ అంటే భయం ఉన్నవాళ్లు చెయ్యెత్తండి!" అన్నాడు. ఒక్క చెయ్యీ లేవలేదు. "చూశారా, ఇక్కడ ఎవరికీ భయం లేదు!" అని మురిసిపోయాడు. అంతమందిలో చెయ్యెత్తగలిగితే ఆయన్ను పిలవాల్సిన పనేముంది?

అక్కడితో ఆగినా బాగుండేది. ప్రిన్సిపాల్ సారు మేలు చేద్దామనే మా కురవి అబ్బాయిని చూపించారు. వక్త అతన్ని పైకి పిలిచాడు, మాస్కు తీయించాడు, చేతిలో ఇంకో మైకు పెట్టాడు. "నేను సాధిస్తాను అని గట్టిగా అరువు తమ్ముడూ!" అన్నాడు. అతని ముఖం పూర్తిగా చూడడం నాకు అదే మొదటిసారి. దవడ అదురుతోంది. చెమట గడ్డం మీదుగా కారుతోంది. హాలంతా చప్పట్లు మొదలుపెట్టింది, ధైర్యం ఇద్దామనే. చప్పట్లు పెరిగినకొద్దీ అతను ఇంకా ముడుచుకుపోయాడు. చివరికి వంగి, మైకును జాగ్రత్తగా నేల మీద పెట్టాడు. అయినా స్పీకర్లలో ధన్‌మని చప్పుడొచ్చింది. మెట్లు దిగి, హాలు దాటి, గేటు దాటి వెళ్లిపోయాడు.

మరునాటి నుంచి రాలేదు. ఫోన్ స్విచ్ ఆఫ్. ఇంకో నలుగురైదుగురు కూడా కొన్నాళ్లు క్లాసుకు రావడం మానేశారు. హాజరు తగ్గిపోతోంది, ఫైనల్ పాఠం దగ్గరపడుతోంది.

మా క్లాసులో ముప్పై దాటిన విద్యార్థిని ఒకామె ఉండేది. దేవరుప్పుల దగ్గరి ఊరు, ఇద్దరు పిల్లల తల్లి. పెళ్లయిన చాలా ఏళ్లకు మళ్లీ చదువు మొదలుపెట్టింది. క్లాసంతా ఆమెను అక్క అనేది, నేనూ అలాగే అంటాను. ఆమెకు మాటలో ఎంత ధైర్యమో లెక్కలంటే అంత దడ. అక్కే ఒకరోజు స్టాఫ్ రూంకు వచ్చి, "మేడం, గా తమ్ముడు ఇంటికాడనే ఉన్నడట. ఫోన్లు జేస్తే వస్తడా? పోదాం పాండ్రి" అంది.

ఆదివారం రైలెక్కి మానుకోటలో దిగాం. మహబూబాబాద్‌ను మా వైపు అందరూ మానుకోట అనే అంటారు. అక్కడి నుంచి ఆటోలో కురవి దారి పట్టి తండా చేరాం. మిర్చి ఏరే రోజులు. చేనులో అబ్బాయి, అతని తల్లి చెరో సాలు పట్టి ఏరుతున్నారు. మమ్మల్ని చూసి తల్లి కొంగుతో చెయ్యి తుడుచుకుంటూ వచ్చింది. కొడుకు వైపు తిరిగి లంబాడీలో ఏదో అంది. అతను కదల్లేదు, తల వంచుకుని ఏరుతూనే ఉన్నాడు.

"ఇంట్ల మంచిగనే మాట్లాడ్తడు మేడం" అంది తల్లి. "తమ్ముండ్లను మస్తు నవ్విస్తడు. కాలేజికి పోతేనే ఏమైతదో. వాళ్ల బాపు పట్నంల గోదాములో పని సూసిండు. డబ్బాలు ఎత్తి పెట్టుడట. ఆడ ఎవ్వలతోటి మాట్లాడే పని లేదట."

చివరి మాట ఆమె బాధగా అంది. కొడుకు ముఖంలో మాత్రం ఊరట కనిపించింది. ఆ ఊరటే నన్ను ఎక్కువ కలవరపెట్టింది. అంత చక్కగా లెక్కలు చేసే పిల్లవాడు, మాట్లాడనక్కర్లేదని డబ్బాలు మోయడానికి సంతోషంగా తయారవుతున్నాడు.

చీర కుచ్చెళ్లు ఎత్తి దోపి, అతని పక్క సాలులో మిర్చి ఏరడం మొదలుపెట్టాను. అక్క ఆవలి సాలులోకి దిగింది. సాలు సగం దాకా ఏరుకుంటూ పోయాం. ఒకరి ముఖం ఒకరికి కనిపించడం లేదు. అప్పుడు, తనంతట తనే మొదలుపెట్టాడు.

"కరోనాల సిగ్నల్ ఆ నీళ్ల ట్యాంకు కాన్నే వచ్చేది మేడం. రెండేండ్లు ఆడ ఒక్కన్నే కూసోని చదివిన. కెమెరా బంద్, మైకు బంద్. నా మొఖం ఎవ్వలు సూడకుంటనే పాసైన. ఇప్పుడు నలుగురు సూస్తుంటే నా చేతులు నావి గావనిపిస్తది. ఏం మాట్లాడినా తప్పు పోతదనిపిస్తది. ఒక్క తప్పు పోతే సాలు, ఇగ జన్మంత అదే యాది వెట్టుకుంటరనిపిస్తది."

"ఇంతకముందు గిట్ల ఉండేదా?"

"జర ఉండేది. గింత లేకుండె."

తండాకు బయల్దేరే ముందు మా సైకాలజీ సారు అన్న మాట గుర్తొచ్చింది. కార్యక్రమం బెడిసికొట్టాక ఆయన చాలా నొచ్చుకున్నాడు. "మన పుస్తకాల్ల దీనికి పేరుంది మేడం, మందు లేదు. మానుకోట దవాఖానల మనసు డాక్టర్ ఉన్నదట, తీస్కపోయి సూపియ్యున్రి" అన్నాడు. ఆ సంగతి అబ్బాయికి చెప్పాను. "నాకు పిచ్చా మేడం?" అన్నాడు.

అక్క ఆవలి సాలు నుంచి అంది. "నాకు పరీక్షలంటే నిద్రే పట్టదు తమ్మీ. నేను గూడ సూపించుకుంట. ఇద్దరం పోదాం. పిచ్చంటే ఇద్దరికి అంటరు తీ."

మొదటిసారి అతను నవ్వడం విన్నాను.

మరునాడు నేను సెలవు పెట్టి మానుకోటలోనే ఉండి, అతన్నీ అక్కనూ దవాఖానకు తీసుకెళ్లాను. డాక్టరు వయసులో చిన్నది, నా పాత విద్యార్థుల ఈడు ఉంటుందేమో. అతను చెప్పిందంతా తొందరపడకుండా విన్నది. ఇది చాలామందికి వచ్చేదేననీ, కరోనా తర్వాత ఇట్లా వచ్చే పిల్లలు ఎక్కువయ్యారనీ, తగ్గుతుందనీ చెప్పింది. ప్రతి రెండు వారాలకు వచ్చి కనిపించమంది.

"భయం పోయినంక మాట్లాడ్త డాక్టర్" అన్నాడతను.

"అట్లయితే ఎప్పటికీ మాట్లాడవు. భయం ఉండంగనే మాట్లాడాలె, గని జర చిన్నగ. మొదలు ఒక్కరి ముందు. అది అలవాటైనంక ఇద్దరి ముందు. ఒకేసారి హాలు ముందట నిలవడితే ఎవ్వలకైనా కాళ్లు వణుకుతయ్."

బోధనా పద్ధతులని ఇన్నేళ్లు పాఠాలు చెప్పాను. ఈ చిన్న మాట నా పాఠాల్లో ఎక్కడా లేదు.

పట్నం ప్రయాణం నెల ఆపమని తల్లి భర్తను ఒప్పించింది. అబ్బాయి తిరిగి వచ్చాడు. సాయంత్రాలు కాలేజీ అయిపోయాక ఖాళీ క్లాసులో అతను, అక్క. వాళ్ల మధ్య ఒప్పందం ఒకటే. అక్కకు రాని లెక్కలు అతను చెప్పాలి, అతనికి రాని ధైర్యానికి అక్క ఎదురుగా కూర్చోవాలి. మొదట వీపే. తర్వాత సగం తిరిగి, కిటికీ వైపు చూస్తూ. అక్క ఊరుకునేది కాదు. "నాకు సమజ్ కాలే తమ్మీ, గిటు సూసి చెప్పు" అనేది. ఆమెకు నిజంగానే సమజ్ అయ్యేది కాదు, అందుకని అతనికి తిరగక తప్పేది కాదు.

కొన్ని రోజులకు నాకో మెసేజ్ వచ్చింది. మూడో బెంచీ అమ్మాయి. "మేడం, నేను కూడా ఆ క్లాసుకు రావచ్చా? మాట్లాడను, కూర్చుంటాను." రమ్మన్నాను. ఆమె వెంట ఇంకొకరు, వాళ్ల వెనక ఇంకొకరు. ఒకరి తర్వాత ఒకరు లేచి కొంచెం కొంచెం చెప్పేవారు. చప్పట్లు కొట్టకూడదని వాళ్లలో వాళ్లే నియమం పెట్టుకున్నారు. ప్రిన్సిపాల్ సారు తలుపు దగ్గర నిలబడి చూసి, "ఏందమ్మా, ట్యూషనా?" అన్నారు. సంగతి చెప్పాను. ఆయన వెళ్లి, తాళం ఆలస్యంగా వేయమని అటెండరుకు చెప్పారు.

అన్ని రోజులూ ఒకేలా గడవలేదు. ఒకరోజు మన అబ్బాయి బాగా చెప్పాడు. మరునాడు చాక్‌పీసు పట్టుకుని నిలబడి, నిలబడి, బయటికి వెళ్లిపోయాడు. ఆ మరునాడు మళ్లీ వచ్చాడు. ఈ మళ్లీ రావడాన్ని నేను మెల్లగా లెక్కలోకి తీసుకోవడం నేర్చుకున్నాను.

ఫైనల్ పాఠం రోజు వచ్చింది. అదే హైస్కూలు, అదే ఎనిమిదో తరగతి. పరీక్షాధికారి భూపాలపల్లి వైపు నుంచి వచ్చారు. నవ్వని మనిషని పేరు. వెనక బెంచీలో ఆయన, ఆయన పక్కన నేను. మాట సాయం చేయడానికి కూడా నాకు వీల్లేదు.

అబ్బాయి వచ్చాడు. మాస్కు లేదు. పిల్లల వైపు తిరిగి "గుడ్ మార్నింగ్" అన్నాడు. పిల్లలు ఒకరినొకరు చూసుకుని, లేచి గట్టిగా బదులిచ్చారు. అతను సమీకరణం రాశాడు. మూడు ఎక్స్ మైనస్ ఏడు, సమానం, రెండు ఎక్స్ ప్లస్ ఐదు. రెండు మాటలు చెప్పాడో లేదో, వెనక నుంచి పరీక్షాధికారి, "జర గట్టిగ చెప్పు నాయినా" అన్నారు.

అంతే. మెల్లగా బోర్డు వైపు తిరిగిపోయాడు. చెయ్యి మాత్రం రాస్తోంది. తర్వాతి మెట్టు, ఆ తర్వాతి మెట్టు. ఎక్స్ విలువ మైనస్ రెండు అని రాసి ఆగాడు. నేను కళ్లు మూసుకున్నాను. లెక్క తప్పు.

ముందు వరుసలోంచి ఒక అమ్మాయి లేచింది. "సార్, తప్పు పోయింది సార్. ఐదు మైనస్ ఏడు కాదు, ప్లస్ ఏడు రావాలె."

అతను భయపడిందంతా ఒక్కసారే జరిగిపోయింది. అందరి ముందు, అదీ పరీక్షాధికారి ముందు, తప్పు. వెళ్లిపోతాడనుకున్నాను. తలుపు వైపు చూశాడు కూడా. తర్వాత బోర్డు చూశాడు. ఏ మెట్టులో తప్పు పోయిందో చూశాడు. లెక్కల మనిషి కదా, దాన్ని చూడకుండా ఉండలేకపోయాడు. వెనక్కి తిరిగి ఆ అమ్మాయిని అడిగాడు.

"ప్లస్ ఎందుకు రావాలె?"

"అవతలికి పోతే గుర్తు మారుతది సార్."

"ఎందుకు మారుతది?"

"మారుతది అంతే సార్" అని వెనక నుంచి ఒకడు అందించాడు. "కాదు, రెండు దిక్కుల ఏడు కలిపినం, గందుకు ఇటు పోయి అటు వచ్చింది" అంది కిటికీ పక్క అమ్మాయి. ఇద్దరికీ వాదన మొదలైంది. అతను రెండడుగులు ముందుకు వచ్చాడు. "సరే, నేను రాసిన మైనస్ రెండు పెట్టి సూడున్రి. రెండు దిక్కుల ఒకటే వస్తదా?" అన్నాడు. పిల్లలు పోటీలు పడి లెక్క చేసి, "రాలే సార్! ఇటు మైనస్ పదమూడు, అటు ఒకటి!" అని అరిచారు. "మరి పన్నెండు పెట్టున్రి." "రెండు దిక్కుల ఇరవై తొమ్మిది సార్!" అప్పటికి అతను బెంచీల మధ్యలో ఉన్నాడు. ఒకడి నోట్సు మీద వంగి చూస్తున్నాడు. గంట కొట్టాక గానీ అతనికి మేం గుర్తురాలేదు. మమ్మల్ని చూడగానే మళ్లీ మెడ వాలిపోయింది.

బయట పరీక్షాధికారి మార్కుల కాగితం తీశారు. "మొదలు చెప్పింది పాఠం గాదు మేడం. తర్వాత జరిగింది పాఠం. రెండు కలిపి మార్కులు ఏస్త" అన్నారు. అలాగే వేశారు. క్లాసులో పై వరుసలో రాలేదు, కింది వరుసలోనూ లేదు. పాసయ్యాడు.

వెతికితే నల్లా దగ్గర కనిపించాడు. కక్కుకుని ముఖం కడుక్కుంటున్నాడు. తన పాఠం కోసం అదే స్కూలుకు వచ్చిన అక్క నీళ్ల సీసా పట్టుకుని పక్కన నిలబడి ఉంది.

"భయం పోలే మేడం" అన్నాడు.

"ఎరుకే బిడ్డా."

"అయినా చెప్పిన."

ఆ మాట అన్నప్పుడు నా ముఖం చూసే అన్నాడు.

అక్క ఇప్పుడు వాళ్ల ఊరి దగ్గరే ప్రైవేటు స్కూల్లో చెప్తోంది, లెక్కలే. మూడో బెంచీ అమ్మాయి అప్పుడప్పుడు ఫోన్ చేస్తుంది. మెసేజ్ కాదు, ఫోనే. మన అబ్బాయి భూపాలపల్లి వైపు ఒక హాస్టల్ స్కూల్లో కాంట్రాక్టు మీద చేరాడు. డాక్టరు దగ్గరికి వెళ్లడం చాలాకాలం మానలేదు. నా రిటైర్మెంట్ సభకు రాలేదు. రెండు రోజుల తర్వాత ఇంటికి వచ్చాడు. "సభకు వస్తే మాట్లాడమంటరని రాలే మేడం" అన్నాడు. కూర్చుని అన్నం తిని, చాలాసేపు కబుర్లు చెప్పాడు.

పోయిన నెలలో ఒక కబురు పెట్టాడు. వాళ్ల స్కూల్లో తల్లిదండ్రుల మీటింగట. లెక్కల గురించి అతన్నే మాట్లాడమన్నారట. "ఒద్దనలే మేడం. గని వారం నుంచి అన్నం సైస్తలేదు" అన్నాడు. తల్లిని తీసుకుపోతున్నానని, ముందు వరుసలో కూర్చోబెడతానని చెప్పాడు. కొడుకు నలుగురిలో మాట్లాడడం ఆమె ఎప్పుడూ చూడలేదు.

మీటింగ్ అయిన సాయంత్రం ఫోన్ వచ్చింది. అతని నంబరే, గొంతు మాత్రం తల్లిది.

"మేడం, మావోడు మాట్లాడిండు."

"ఎట్ల మాట్లాడిండమ్మా?"

"నీళ్లు రెండుసార్లు తాగిండు. ఆ లెక్కల ముచ్చట నాకంత సమజ్ కాలే మేడం. గందుకని నేను ఎనక్కి తిరిగి అందర్ని సూసుకుంట కూసున్న. ఎవ్వలు లేసి పోలే."